వీధిలోనూ వినే కుక్క: పరధ్యానం మధ్య శిక్షణ

ఇంట్లో "కూర్చో" అనగానే కూర్చునే కుక్క, గేటు దాటగానే ఆ మాట ఎన్నడూ విననట్టు ఉంటుంది. కుక్కను పెంచే దాదాపు ప్రతి ఇంట్లోనూ వినిపించే ఫిర్యాదు ఇది. దీన్ని మొండితనం అనుకునేవారున్నారు, పొగరు అనుకునేవారున్నారు, "బయటికొస్తే నన్ను లెక్కే చెయ్యదు" అని మనసు కష్టపెట్టుకునేవారూ ఉన్నారు. జంతు ప్రవర్తన మీద నూరేళ్లకు పైగా సాగిన పరిశోధన చెప్పేది వేరు. ఆ కుక్క వీధిలో మాట ధిక్కరించడం లేదు. వీధిలో ఆ మాటను ఇంకా నేర్చుకోలేదు. ఒక చోట నేర్చిన పనిని కొత్త చోట్ల, చప్పుళ్ల మధ్య, వాసనల మధ్య, తోటి కుక్కల ఎదుట కూడా చేసేలా మెట్టుమెట్టుగా అలవాటు చేయడాన్ని శిక్షకులు 'ప్రూఫింగ్' అంటారు. మొత్తం శిక్షణలో ఎక్కువ కాలం పట్టేదీ, ఎక్కువమంది మధ్యలో వదిలేసేదీ ఈ దశే.

కుక్కకు వీధి ఎలా ఉంటుంది

మనిషి ముక్కులో వాసన పసిగట్టే గ్రాహకాలు సుమారు 50, 60 లక్షలుంటే, కుక్క ముక్కులో జాతిని బట్టి 20 కోట్ల నుంచి 30 కోట్ల దాకా ఉంటాయని అంచనా. మన చెవి 20,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. కుక్క చెవి దాదాపు 45,000 హెర్ట్జ్ వరకూ అందుకుంటుంది. రంగులు మనకన్నా తక్కువగా కనిపించినా, కదిలేదేదైనా దాని కంట ఇట్టే పడుతుంది. మనకు ఖాళీగా కనిపించే సందు దానికి నిండా కబుర్లున్న చోటు. రాత్రి ఏ కుక్క ఏ స్తంభం దగ్గర ఆగిందో, పిల్లి ఏ గోడ మీదుగా వెళ్లిందో, ఎవరింట్లో చేపలు కడిగారో అన్నీ అక్కడ ఉంటాయి. అంత సందడిలో మన గొంతు ఒక్కటే దానికి ముఖ్యం కావాలని కోరుకోవడం చిన్న కోరిక కాదు.

ఆదివారం పొద్దున చికెన్ కొట్టున్న సందులోకి ఒక లాబ్రడార్‌ను తీసుకెళ్తూ దాని ఒళ్లు గమనిస్తే విషయం తెలుస్తుంది. మొదట తెరిచి ఉన్న నోరు మూసుకుంటుంది. ఊగుతున్న తోక ఆగుతుంది. చెవుల మొదళ్లు ముందుకు జరుగుతాయి, మెడ బిగుసుకుంటుంది, ఒంటి బరువు ముందు కాళ్ల మీదికి వస్తుంది. ఇదంతా ఒకటి రెండు సెకన్లలో అయిపోతుంది. ఆ తర్వాతే గొలుసు గుంజుకోవడం. యజమాని పిలవడం మొదలుపెట్టేది సాధారణంగా గొలుసు బిగుసుకున్నాక. అప్పటికి ఆలస్యమైంది. నోరు మూసుకున్న క్షణంలోనే పేరు పెట్టి పిలిచి, రెండడుగులు వెనక్కి వేసి ఉంటే చాలా సందర్భాల్లో కుక్క తిరిగి చూసేది. పరధ్యానం మీద పని అంటే చాలావరకు ఆ రెండు సెకన్లను కనిపెట్టడమే.

పావ్‌లోవ్ గోపురం

కుక్క ధ్యాస ఇలా కొత్తదాని వైపు మళ్లిపోవడాన్ని ప్రయోగశాలలో ఎదుర్కొన్నవాడు రష్యన్ శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్. జీర్ణక్రియ మీద చేసిన పనికి 1904లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తర్వాత జీవితమంతా నిబంధిత ప్రతీకార చర్యల మీదే గడిపాడు. ఫలానా శబ్దం వినిపించగానే కుక్క నోట లాలాజలం ఊరేలా సహాయకుడు ఎన్నో రోజులు కష్టపడి అలవాటు చేసేవాడు. చూడమని పావ్‌లోవ్‌ను పిలిచేవాడు. పావ్‌లోవ్ గదిలోకి అడుగుపెట్టగానే కుక్క కొత్త మనిషి వైపు తిరిగేది, అలవాటైన చర్య కాస్తా ఆగిపోయేది. కొత్తది ఏది ఎదురైనా ప్రాణి ముందు దాని వైపు తిరిగి తేల్చుకోవడాన్ని ఆయన 'ఇదేమిటి?' అనే సహజ ప్రతిచర్యగా వర్ణించాడు. బయటి నుంచి వచ్చిన కొత్త ఉద్దీపన నేర్చుకున్న చర్యను అణచివేయడానికి బాహ్య నిరోధం అని పేరు పెట్టాడు. 1927లో ఇంగ్లిష్‌లోకి వచ్చిన ఆయన ఉపన్యాసాల్లో ఇదంతా ఉంది.

ఈ బెడద తప్పించుకోవడానికి 1910 దశకంలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ప్రయోగాత్మక వైద్య సంస్థ ఆవరణలో ఒక ప్రత్యేక భవనం కట్టించారు. దాన్ని మౌన గోపురం అంటారు. మందపాటి గోడలు, నేల అదురు లోపలికి రాకుండా చుట్టూ గడ్డి నింపిన కందకం, కుక్క ఒక గదిలో, పరిశోధకుడు మరో గదిలో. వీధిలో బండి వెళ్లినా, పక్కన మనిషి తుమ్మినా ప్రయోగం పాడవుతుందని అంత జాగ్రత్త. పెంపుడు కుక్క యజమానికి అలాంటి గోపురం లేదు, అవసరమూ లేదు. కానీ గదిలోకి ఒక్క మనిషి వస్తేనే ఎన్నో రోజుల శిక్షణ తాత్కాలికంగా చెదిరిపోయిందన్న సంగతి గుర్తుంటే, బజారులో కుక్క తల తిప్పినప్పుడు కోపం రాదు.

కుక్క బయట మాట వినకపోవడానికి పావ్‌లోవ్ చూపినది ఒక కారణం. రెండోది, కుక్క మాటను ఒంటరిగా నేర్చుకోదు. వంటింటి గచ్చు, ఎదురుగా నిలబడ్డ యజమాని, ఆయన కాస్త ముందుకు వంగడం, చేతిలో డబ్బా, సాయంత్రం వేళ, ఇవన్నీ కలిసిన బొమ్మగా 'కూర్చో'ను నేర్చుకుంటుంది. అదే మనిషి కుర్చీలో కూర్చుని అదే మాట అంటే చాలా కుక్కలు తికమకపడతాయి. వెనక్కి తిరిగి నిలబడి చెప్పి చూస్తే తెలిసిపోతుంది. అందుకే ఒక పనిని హాల్లో, వరండాలో, మేడ మీద, మెట్ల దగ్గర, లిఫ్టు ముందు, గేటు లోపల, గేటు బయట మళ్లీ మళ్లీ మొదటి నుంచి నేర్పాలి. ప్రతి కొత్త చోటా ముందటిదానికన్నా తక్కువ సమయం పడుతుంది. అలా ఎన్నో చోట్ల అయ్యాకే కుక్కకు అన్నిటిలోనూ మారనిది ఆ మాట ఒక్కటేనని తెలుస్తుంది.

తెలుగు ఇళ్లలో మాట కుదరడమే ఒక పని. నాన్న 'సిట్' అంటాడు, నాయనమ్మ 'కూచోవే' అంటుంది, పిల్లలు 'సిడౌన్' అంటారు. కుక్కకు అవి మూడు వేరువేరు శబ్దాలు. ఇంకో చిక్కు మన భాషలోనే ఉంది. దగ్గరికి పిలవడానికి వాడే 'రా' అనే మాట, మగ కుక్కతో మాట్లాడే ప్రతి మాట చివరా వచ్చి చేరుతుంది. 'కూచోరా', 'ఆగరా', 'వద్దురా', 'ఏంట్రా అది' అంటుంటే రోజుకు నూరుసార్లు 'రా' వినబడుతుంది, ఏమీ జరగదు. అర్థం లేని శబ్దంగా మారిన ఆ మాటే రోడ్డు మీద ప్రాణం కాపాడాల్సి వస్తుంది. పిలవడానికి 'దా' అనో 'ఇటు' అనో వేరే మాట పెట్టుకుని, ఇంటిల్లిపాదీ దాన్నే వాడి, ఆ మాటకు వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక మంచి జరిగేలా చూస్తే ఎంతో మేలు. భాష ఏదన్నది కుక్కకు పట్టదు. ఒక్క పనికి ఒక్క మాట, అంతే.

చూపు నుంచి మొదలు

కుక్క మనిషి ముఖం వైపు చూడటానికి సహజంగానే మొగ్గు చూపుతుంది. బుడాపెస్ట్‌లోని ఓత్‌వోష్ లోరాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనంలో కుక్కలకూ, మనుషుల చేతుల్లో పెరిగిన తోడేళ్లకూ తిండి అందని చిక్కు ఒకటి పెట్టారు. తోడేళ్లు దానితోనే పెనుగులాడాయి. కుక్కలు కాసేపటికే వెనక్కి తిరిగి మనిషి ముఖం కేసి చూశాయి. కుక్కా యజమానీ ఒకరినొకరు చూసుకున్నప్పుడు ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ అనే హార్మోను పెరుగుతుందని జపాన్ పరిశోధకులు 2015లో చూపారు. శిక్షణ ఈ మొగ్గు మీద కట్టే ఇల్లు.

మొదటి పాఠం ఇంట్లో, టీవీ ఆపి, కడుపు నిండా తిననప్పుడు. శనగ గింజంత చికెన్ ముక్కలు పదో పన్నెండో ఒక చేతిలో పట్టుకుని ఆ చేతిని పక్కకు చాపాలి. కుక్క చేతినే చూస్తుంది. మూతితో పొడుస్తుంది, నాకుతుంది, ఒక్కోసారి చిన్నగా మొరుగుతుంది. ఏమీ అనకూడదు, పిడికిలి తెరవకూడదు. పదీ ఇరవై సెకన్లకు విసిగి, ఎందుకివ్వడం లేదన్నట్టు ఒక్క క్షణం ముఖంలోకి చూస్తుంది. ఆ క్షణానే "ఊఁ" అనో "యెస్" అనో ఒక చిన్న శబ్దం చేసి, వెంటనే ముక్క ఇవ్వాలి. ముక్క ఇచ్చేది రెండో చేత్తో అయితే మేలు. అయిదారుసార్లకు కుక్క చేతిని వదిలి కళ్లలోకి చూడటం మొదలుపెడుతుంది. అది ఖాయంగా వస్తున్నప్పుడు, చూడబోయే ముందు 'చూడు' అనో, దాని పేరో చేర్చాలి. ముందు పని, తర్వాత పేరు. చూడని కుక్కతో "చూడు చూడు చూడు" అంటూ పోతే, ఆ మాటకు అర్థం 'పట్టించుకోనక్కర్లేదు' అని నేర్పినట్టే అవుతుంది.

ముక్క కన్నా ఒక క్షణం ముందు వచ్చే ఆ చిన్న శబ్దం చాలా విలువైనది. ఏ క్షణంలో చేసిన పనికి బహుమతి దక్కిందో అది చెబుతుంది. 'టిక్' మనే చిన్న బొమ్మతో, అంటే క్లికర్‌తో, కుక్కకు నేర్పే పద్ధతిని అమెరికన్ మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ 1951లోనే సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో వివరించాడు. డాల్ఫిన్లకు శిక్షణ ఇచ్చిన కరెన్ ప్రయర్ 1984లో రాసిన 'డోంట్ షూట్ ద డాగ్' పుస్తకం, ఆ తర్వాత ఆమె నడిపిన తరగతులు దీన్ని సామాన్య పెంపకందార్ల దాకా చేర్చాయి. క్లికర్ కొనాలన్న నియమమేమీ లేదు. నాలుకతో చేసే 'టక్' కూడా పనిచేస్తుంది.

దూరం అనే మందు

ప్రూఫింగ్‌లో మూడు కష్టాలుంటాయి: ఎంతసేపు, మనం ఎంత దూరం నుంచి, ఎంత సందడి మధ్య. మూడింటినీ ఒకేసారి పెంచడమే అందరూ చేసే పొరపాటు. ఒకటి పెంచినప్పుడు మిగతా రెండూ తగ్గాలి. ఇంట్లో రెండు నిమిషాలు కదలకుండా కూర్చునే కుక్కను మొదటిసారి పార్కు గేటు దగ్గర మూడు సెకన్లు కూర్చోమంటే చాలు.

సందడిని కొలిచేందుకూ తగ్గించేందుకూ మన చేతిలో ఉన్న సాధనం, కుక్కకూ ఆకర్షణకూ మధ్య దూరం. ప్రతి కుక్కకూ ప్రతి ఆకర్షణకూ ఒక గీత ఉంటుంది. వీధి కుక్క ముప్పై అడుగుల అవతల ఉంటే చూసి ఊరుకునే కుక్క, ఇరవై అడుగుల దగ్గర గుంజుకుంటుంది. ఆ గీతకు ఇవతల ఉన్నంతసేపే నేర్పగలం. అవతలికి వెళ్లామన్నదానికి నమ్మదగిన గుర్తు ఒకటుంది: ఇంట్లో ప్రాణం పెట్టే చికెన్ ముక్కను మూతి దగ్గర పెట్టినా పట్టించుకోదు. అప్పుడు ఆజ్ఞలిస్తూ నిలబడటం దండగ. మాట్లాడకుండా తిరిగి నడిచి, ముక్క తినగలిగేంత దూరం పోవాలి. అది ఓటమి కాదు, చేయవలసిన పనే అది.

ముందుకు ఎప్పుడు జరగాలన్నదానికి శిక్షకుల్లో ప్రచారంలో ఉన్న లెక్క సులువు. అయిదుసార్లు అడిగితే అయిదుసార్లూ చేస్తే కష్టం కొంచెం పెంచడం, మూడు నాలుగైతే అక్కడే ఉండటం, రెండు లేక అంతకన్నా తక్కువైతే ఒక మెట్టు దిగడం. లెక్క పెట్టుకోకపోతే మనం మన విసుగును బట్టి నిర్ణయాలు తీసుకుంటాం. వేళ్ల మీద లెక్కపెట్టుకునే యజమాని కుక్క త్వరగా నేర్చుకుంటుంది.

అందరూ కుక్కను ఆకర్షణ నుంచి మరల్చాలనే చూస్తారు. లెస్లీ మెక్‌డెవిట్ 2007లో వచ్చిన 'కంట్రోల్ అన్‌లీష్డ్' పుస్తకంలో చెప్పిన ఆట దీనికి ఎదురు నడుస్తుంది. దూరాన ఉన్న కుక్కను మన కుక్క చూడగానే 'ఊఁ', 'యెస్' లాంటి గుర్తు శబ్దం చేసి ముక్క ఇస్తారు. చూసినందుకే బహుమతి. కొన్నిసార్లయ్యాక కుక్క అటు చూసి, వెంటనే మన వైపు తిరుగుతుంది: 'చూశాను, నా ముక్క ఏది?' అన్నట్టు. అవతలి కుక్క కనిపించడమే యజమాని వైపు తిరగడానికి సైగ అవుతుంది. మొరిగే కుక్కల విషయంలో ఇంత మెత్తని, ఇంత బలమైన పద్ధతి మరొకటి లేదని ఈ వ్యాసకర్త నమ్మకం.

తిండి ఒక్కటే బహుమతి కాదు. తక్కువ ఇష్టమైన పనికి ఎక్కువ ఇష్టమైన పనే బహుమతి కాగలదని డేవిడ్ ప్రెమాక్ 1959లో సూత్రీకరించాడు. హోంవర్క్ అయ్యాకే ఆట అనే తల్లులందరికీ తెలిసిన సంగతే ఇది. వేపచెట్టు మొదలు వాసన చూడాలని కుక్క గుంజుతుంటే, ఆగి, అది ఒక్కసారి మన ముఖం చూసేదాకా ఓపిక పట్టి, "వెళ్లు" అని చెట్టు దగ్గరికి మనమే తీసుకెళ్లాలి. అప్పటిదాకా మనకు పోటీగా ఉన్న వేపచెట్టు ఇక మన జేబులో ముక్కలాంటిదే. వీధిలో ఉన్న సగం ఆకర్షణల్ని ఇలా మన వైపు తిప్పుకోవచ్చు. తప్పించవలసినవి మాత్రం ఉన్నాయి. వండిన ఎముకలు, కుళ్లిన చెత్త, వాహనాల వెంట పరుగు ఎప్పటికీ బహుమతి కారాదు.

ఎంత సాధన

రోజూ గంటల తరబడి చేయించడం వల్ల లాభం లేదు. డెన్మార్క్‌లో బీగిల్ కుక్కల మీద చేసిన అధ్యయనాలు, 2008లో ఒకటి, 44 కుక్కలతో 2011లో మరొకటి, వారానికి ఒకటి రెండుసార్లు శిక్షణ పొందిన కుక్కలు రోజూ పొందినవాటికన్నా తక్కువ పాఠాల్లో నేర్చుకున్నాయని చూపాయి. మూడు నుంచి అయిదు నిమిషాల పాఠం, మధ్యలో ఆట, ఇంకా చేస్తాననే ఉత్సాహం ఉండగానే ఆపడం, ఇదీ మంచి పద్ధతి. ఉద్రేకం కూడా లెక్కలోకి వస్తుంది. 2015లో అమెరికా పరిశోధకులు సహాయక శునకాలనూ పెంపుడు కుక్కలనూ పోల్చి చూశారు. నెమ్మదస్తులైన సహాయక శునకాలను ఉత్సాహపరిస్తే వాటి నిగ్రహం మెరుగుపడింది, అసలే ఎగిరిపడే పెంపుడు కుక్కలను ఉత్సాహపరిస్తే దెబ్బతింది. గంతులేసే కుక్కతో గట్టిగా, హడావుడిగా మాట్లాడితే ధ్యాస ఇంకా చెదురుతుంది. గొంతు తగ్గించి, కదలిక తగ్గించి చూడాలి.

మన ప్రాంతంలో ఎండ ఒక పెద్ద అడ్డంకి. వేసవిలో ఎండ ముదిరితే తారు రోడ్డు అరికాళ్లను కాలుస్తుంది. అరచేతి వెనక భాగాన్ని నేల మీద కొన్ని సెకన్లు ఆనించి ఉంచలేకపోతే కుక్కనూ నడిపించకూడదు. రొప్పుతున్న కుక్క నేర్చుకోదు. శిక్షణ ముక్కలకు ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, పనీర్ సరిపోతాయి. శాకాహార ఇళ్లలో క్యారెట్, గుమ్మడి ముక్కలు ఇంటి లోపల పనిచేసినా వీధిలో వాటి విలువ పడిపోతుంది, కనుక పనీర్‌ను బయటి పాఠాలకు దాచుకోవడం మంచిది. ఇచ్చినదాన్ని రోజు తిండిలోంచి తగ్గించాలి.

పాత దారి, కొత్త దారి

కుక్కల శిక్షణ మీద తొలి క్రమబద్ధ గ్రంథాల్లో ఒకటైన కొన్రాడ్ మోస్ట్ జర్మన్ పుస్తకం 1910లో వచ్చింది. బలవంతానికి అందులో పెద్ద స్థానమే ఉంది. 1962లో పుస్తకం వెలువరించిన అమెరికన్ విలియం కోలర్ పద్ధతిలో పొడవాటి తాడుతో, గట్టి కుదుపుతో, పరధ్యానమైతే నొప్పి తప్పదని కుక్కకు నేర్పేవారు. ఆ పద్ధతులతో మాట విన్న కుక్కలు లేకపోలేదు. కానీ వాటి ధర కుక్క చెల్లించేది. పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కల మీద చేసి 2020లో ప్రచురించిన అధ్యయనం, దండన వాడే శిక్షణాలయాల కుక్కల్లో ఒత్తిడి చిహ్నాలూ, పాఠం తర్వాత కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను పెరుగుదలా ఎక్కువగా ఉన్నాయని చూపింది. అమెరికాలోని పశు ప్రవర్తన వైద్యుల సంఘం 2021లో బహుమతి పద్ధతులనే వాడమని ప్రకటించింది. వేల్స్ 2010లోనే కరెంటు షాకిచ్చే మెడపట్టీలను నిషేధించింది. పరధ్యానం విషయంలో దండనకు ఇంకో దోషముంది. అవతలి కుక్క కనిపించినప్పుడల్లా మెడకు నొప్పి తగిలితే, ఆ నొప్పి తెచ్చింది ఆ కుక్కేనని మన కుక్క అనుకోవచ్చు. అప్పటిదాకా ఆసక్తి మాత్రమే ఉన్న చోట భయమో పగో మొదలవుతుంది.

పోటీ శిక్షణ చరిత్ర కూడా కొత్తదే. న్యూయార్క్ రాష్ట్రంలోని మౌంట్ కిస్కోలో 1933లో హెలెన్ వైట్‌హౌస్ వాకర్ అమెరికాలో తొలి విధేయతా పరీక్ష నడిపింది. తన పూడుల్ కుక్కలు అందానికే కాదు, తెలివికీ నిలుస్తాయని చూపడం ఆమె పట్టుదల. 1936లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఆ పరీక్షలను స్వీకరించింది. 1989లో అదే సంస్థ మొదలుపెట్టిన 'కెనైన్ గుడ్ సిటిజన్' పరీక్షలోని పది అంశాల్లో ఒకటి అచ్చంగా పరధ్యానం గురించే: పక్కన కుర్చీ పడేస్తారు, ఎవరో పరుగెత్తుకుంటూ పోతారు. కుక్క ఆసక్తిగా చూడొచ్చు, కాస్త ఉలిక్కిపడొచ్చు. హడలి పారిపోకూడదు, మొరగకూడదు. ఈ కొలబద్దలో ఒక న్యాయం ఉంది. లోకాన్ని గమనించవద్దని అది కుక్కను అడగదు.

పోలీసు, సైనిక శునకాలకు ఇదే పని మరింత లోతుగా నేర్పుతారు. గ్వాలియర్ దగ్గర టెకన్‌పూర్‌లో సరిహద్దు భద్రతా దళం నడిపే జాతీయ శిక్షణ కేంద్రం, హైదరాబాద్ శివార్లలోని మొయినాబాద్‌లోని ఇంటిగ్రేటెడ్ ఇంటెలిజెన్స్ ట్రైనింగ్ అకాడమీ అలా నేర్పే చోట్లు. రైల్వే ప్లాట్‌ఫాం మీద వందల టిఫిన్ డబ్బాల వాసన దాటుకుని ఒక్క పేలుడు పదార్థం వాసన వెతికే కుక్కకు, బహుమతిగా దొరికేది తరచుగా ఒక బంతి, దాంతో ఒక నిమిషం ఆట.

వయసు, భయం

2020లో బ్రిటన్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో ఎనిమిది నెలల వయసు కుక్కలు అయిదు నెలలప్పటికన్నా తమ యజమాని మాట తక్కువగా విన్నాయి. యౌవనం తెచ్చే ఆ మార్పు తాత్కాలికం. ఆ రోజుల్లోనే చాలామంది విసిగి కుక్కను కట్టేయడమో, వదిలించుకోవడమో చేస్తారు. పాఠాలను నాలుగు మెట్లు కిందికి దించి, పొడవాటి తాడు కట్టి, కొన్ని నెలలు ఓపిక పడితే సరిపోయేదానికి అంత శిక్ష. వియన్నాలో 145 బోర్డర్ కోలీలను పరీక్షించిన 2014 నాటి అధ్యయనంలో కావలసినదాన్ని ఎంచుకుని దాని మీదే ధ్యాస పెట్టే శక్తి నడివయసులో శిఖరానికి చేరింది.

వినకపోవడమంతా పరధ్యానం కాదు. దీపావళి టపాసులు, వినాయక నిమజ్జనం డప్పులు, పెళ్లి బ్యాండు ఎదురైనప్పుడు తోక కాళ్ల మధ్య పెట్టి వణికే కుక్క భయపడుతోంది. దానికి శిక్షణ సమయం కాదది. కిటికీలు మూసిన గదిలోకి తీసుకెళ్లి పక్కన కూర్చోవాలి. భయం ఎక్కువైతే పండగకు ముందే పశువైద్యుణ్ణి కలవాలి. ఉన్నట్టుండి మాట వినడం మానేసిన పెద్ద కుక్కకు చెవిపోటో, కీళ్ల నొప్పో ఉండొచ్చు. మొండితనమని తేల్చే ముందు అది చూపించాలి.

మాటతో పాటు చేతి సైగ కూడా మొదటి నుంచీ నేర్పమని అనుభవజ్ఞులు చెబుతారు. అరచేయి పైకెత్తితే కూర్చోవడం, అరచేయి అడ్డం పెడితే ఆగడం. లారీ హారన్ల మధ్య గొంతు వినిపించని రోడ్డు మీద ఆ సైగే పనికొస్తుంది. పన్నెండు, పదమూడేళ్లకు చాలా కుక్కలకు వినికిడి తగ్గుతుంది. చిన్నప్పటి నుంచి ముఖం చూడటం అలవాటైన కుక్క అప్పటికీ పార్కులో పది అడుగులకోసారి వెనక్కి తిరిగి చూస్తూనే నడుస్తుంది.